ఆర్‌వీ బస, ఏటీవీ స్వారీ: హ్యాట్‌ఫీల్డ్–మెక్కాయ్ కొండబాటలకు కుటుంబంతో వెళ్లేవారు ముందుగా తేల్చుకోవలసినవి

మీరు అడిగినది ఇది. నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి రెండు కుటుంబాలు బయలుదేరుతున్నాయి. పెద్దలు నలుగురు, 15, 11, 6 ఏళ్ల పిల్లలు ముగ్గురు, రాజమండ్రి నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న అమ్మగారు, నాన్నగారు, మొత్తం తొమ్మిది మంది. అక్టోబరులో ఐదు రోజులు వెస్ట్ వర్జీనియాలో గడపాలని, 31 అడుగుల మోటార్‌హోమ్ (ఆర్‌వీ, అంటే పడకలు, వంటగది ఉన్న కదిలే ఇల్లు) ఒకటి అద్దెకు తీసుకుని, దాని వెనుక ట్రెయిలరు మీద కొండబాటల్లో నడిచే ఏటీవీ బండ్లు నాలుగు పెట్టుకుని, మూడు క్యాంపుల్లో మకాం మారుస్తూ వీలైనన్ని బాటలు తిరగాలని మీ ఆలోచన. ఏ రకం మోటార్‌హోమ్ తీసుకోవాలన్నది మీ మొదటి ప్రశ్న.

పదకొండేళ్లుగా ఏటా ఒకటి రెండుసార్లు ఆ కొండలకు వెళ్లి వస్తున్నవాడిగా నేను చెప్పేది ఏమిటంటే, మోటార్‌హోమ్ గురించి చివర ఆలోచించండి. ముందు మీలో ఎవరు ఏ బండి మీద కూర్చోగలరో కాగితం మీద రాసుకోండి. అది తేలితే ఎన్ని బండ్లు కావాలో తెలుస్తుంది. బండ్లను బట్టి ఏ బాటల దగ్గర దిగాలో, దిగే చోటును బట్టి ఎంత మోటార్‌హోమ్ సరిపోతుందో తెలుస్తాయి. చాలామంది ఇల్లు ముందు ఎంచుకుని, బండ్లను ఆ ఇంటికి సరిపెట్టబోయి, ఆఖరికి అమ్మమ్మను, ఆరేళ్ల పిల్లను ఎక్కడ ఉంచాలో తెలియక అక్కడికి వెళ్లాక ఇబ్బంది పడతారు. నేనూ మొదటి ఏడాది ఆ పొరపాటే చేశాను.

మీరు ఎంచుకున్న ప్రాంతం మాత్రం చాలా సరైనది. హ్యాట్‌ఫీల్డ్–మెక్కాయ్ బాటలను వెస్ట్ వర్జీనియా శాసనసభ 1996లో చేసిన చట్టంతో ఏర్పాటైన సంస్థ నడుపుతోంది. 2000లో మొదటి బాటలు తెరుచుకున్నాయి. ఇప్పుడు రాష్ట్రం దక్షిణపు కొండల్లో వెయ్యి మైళ్లకు పైగా విస్తరించి ఉన్నాయి. పేరు పందొమ్మిదో శతాబ్దంలో టగ్ ఫోర్క్ నదికి అటూ ఇటూ ఉండి ఏళ్ల తరబడి పగ సాగించిన రెండు కుటుంబాలది. ఈ బాటల్లో అధికభాగం బొగ్గు, కలప కంపెనీల సొంత భూముల మీదుగా ఒప్పందాలతో పోతాయన్న సంగతి చాలామంది సందర్శకులకు తెలియదు. గుర్తులు పెట్టిన బాట దాటి పక్క దారిలోకి దిగకూడదన్న నియమం అంత గట్టిగా ఉండటానికి కారణం అదే. ఒకరు గీత దాటితే భూయజమాని ఆ దారినే మూసివేయవచ్చు. మద్యం పూర్తిగా నిషేధం. నడిపేవారే కాక పక్కన కూర్చునేవారు కూడా హెల్మెట్ పెట్టుకోవాలి, అనుమతి పత్రం కొనుక్కోవాలి. ఆ పత్రం ఆ క్యాలెండరు సంవత్సరమంతా అన్ని బాటలకూ చెల్లుతుంది.

నేను కొత్తగూడెంలో పెరిగినవాడిని కనుక ఈ ప్రాంతం మీద నాకు వేరే మమకారం కూడా ఉంది. లోయలో ఒకదాని వెంట ఒకటిగా కట్టిన కంపెనీ క్వార్టర్లు, వాటి పక్కనుంచే పోయే బొగ్గు రైలుపట్టాలు, మూతపడ్డ గని ముఖద్వారం చూసినప్పుడల్లా మా సింగరేణి ఊళ్లే గుర్తుకు వస్తాయి. మేట్వాన్‌లో 1920 మే 19న గని కార్మికుల సంఘానికి, కంపెనీ మనుషులకు మధ్య తుపాకులు పేలిన వీధి ఇప్పటికీ అలాగే ఉంది. మీ 15 ఏళ్ల అబ్బాయికి ఇవి కొంచెం ముందుగా చెప్పి తీసుకువెళ్లండి, బాట ఇంకో రకంగా కనబడుతుంది.

ఇక బండ్ల సంగతి. ఏటీవీ అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు వాహనాలను పిలుస్తున్నాం. ఒకటి మోటార్‌సైకిలు లాగా రెండు కాళ్లు చెరోవైపు వేసి హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి, దాన్ని క్వాడ్ అంటారు. రెండోది సైడ్‌బైసైడ్: స్టీరింగు, సీటు బెల్టులు, చుట్టూ ఇనుప పంజరం ఉండి పక్కపక్కన ఇద్దరు, లేదా రెండు వరుసల్లో నలుగురు కూర్చునేది. హైదరాబాద్ శివారు రిసార్టుల్లో చదునైన నేల మీద పది నిమిషాలు తిప్పేది క్వాడ్. ఆ అనుభవం చూసుకుని ఇక్కడ క్వాడ్ ఎక్కకండి. క్వాడ్ మనిషి బరువుతో నడిచే బండి. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో వెనక్కి జరగాలి, వాలు మీద ఎగువవైపు ఒరగాలి. ఒంటికి ఆ అలవాటు రాకముందే రాళ్ల ఎక్కుడులో యాక్సిలరేటరు నొక్కితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడి నడిపేవాడి మీదే పడుతుంది. పెద్ద క్వాడ్ బరువు 600, 700 పౌండ్లు ఉంటుంది. చాలా క్వాడ్లు ఒక్కరి కోసమే తయారైనవి. సీటు పొడుగ్గా కనబడటం వల్ల ఇద్దరు ఎక్కవచ్చుననుకోవడం తప్పు, ఎందుకంటే ఆ పొడుగు నడిపేవాడు ముందుకు వెనక్కు జరగడానికి.

మొదటి ఏడాది మేము ఎనిమిది మందికి నాలుగు క్వాడ్లు తీసుకున్నాం. రెండో రోజు మధ్యాహ్నం మా బావమరిది ఎక్కుడు మధ్యలో ఆగిపోయి, బండిని అక్కడే పక్కకు తిప్పి వెనక్కి రావాలని చూశాడు. బండి దొర్లింది. మణికట్టు విరిగింది. అతనికి అంతకన్నా పెద్ద హాని జరగకపోవడం అదృష్టమే. కానీ అతన్ని రోడ్డు మీదకు చేర్చడానికి మూడు గంటలు పట్టింది, ఎందుకంటే మేమున్న బాట నంబరు ఏమిటో మాలో ఒక్కరూ చూసుకోలేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఆ తరువాత ఏ కూడలి దాటినా ముందు బండిలో ఉన్నవారు బాట నంబరు బిగ్గరగా చెప్పడం, వెనుకవారు కాగితం మీద సమయంతో సహా రాయడం మా కుటుంబంలో నియమమైపోయింది. ప్రతి బాటకూ గుర్తుపలక మీద నంబరు ఉంటుంది. ప్రమాదంలో సహాయం పిలిచేటప్పుడు ఆ నంబరే మీ చిరునామా.

ఇప్పుడు మీ తొమ్మిది మందిని లెక్క వేద్దాం. పూర్తి పరిమాణపు క్వాడ్లను వాటి తయారీదారులే 16 ఏళ్లు నిండినవారికి మాత్రమే ఉద్దేశిస్తారు. సైడ్‌బైసైడ్ నడపడానికి కూడా 16 ఏళ్లు నిండి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలన్నది పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం, అద్దెకిచ్చేవారు అంతకన్నా ఎక్కువ వయసు అడుగుతారు. కాబట్టి మీ పెద్దబ్బాయి ఎంత బతిమాలినా నడపడం కుదరదు, ఆ మాట ఇంట్లోనే స్పష్టంగా చెప్పండి. అక్కడికి వెళ్లాక చెబితే ఐదు రోజులూ అలక తీర్చడంతోనే సరిపోతుంది. 11 ఏళ్ల అమ్మాయి సైడ్‌బైసైడ్‌లో కూర్చోగలదా లేదా అన్నది వయసును బట్టి కాక ఒంటి కొలతను బట్టి చూడాలి. వీపు సీటుకు ఆని ఉండగా రెండు పాదాలూ నేల మీద చదునుగా ఆనాలి, చేతులు పిడిని అందుకోవాలి, బెల్టు భుజం మీదుగా సరిగా కూర్చోవాలి. మీ గ్యారేజీలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చూడండి, స్థూలంగా తెలిసిపోతుంది. ఆరేళ్ల పాపకు పాదాలు అందవు. అందనివారిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

అంటే పాప, అమ్మగారు, నాన్నగారు క్యాంపులో ఉంటారు. వాళ్లను ఒంటరిగా వదలకూడదు కనుక రోజూ ఒక పెద్దవారు వంతులవారీగా వాళ్లతో ఉంటారు. మిగిలినది ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఒక నాలుగు సీట్ల సైడ్‌బైసైడ్, ఒక రెండు సీట్లది, ఇంతే మీకు కావలసినది. నాలుగు క్వాడ్లు అక్కరలేదు. ఒక్క బండితో మాత్రం ఎప్పుడూ లోపలికి వెళ్లవద్దు. ఒకటి ఆగిపోతే రెండోది మనుషులను బయటకు తీసుకురావాలి.

లెక్క ఇలా తేలగానే ట్రెయిలరు సమస్య దానంతట అదే పోతుంది. అద్దె మోటార్‌హోమ్‌లలో చాలావాటికి వెనుక ఏమీ లాగకూడదన్న షరతు ఉంటుంది. లాగనిచ్చినా, నాలుగు సీట్ల బండి ఒక్కటే 1,700 నుంచి 2,000 పౌండ్లు, దానికి ట్రెయిలరు బరువు అదనం. అలవాటు లేనివారు దాన్ని వెంటబెట్టుకుని కొండదారిలో వెళ్లడం నాకు సమ్మతం కాదు. బండ్లను బాట దగ్గరే అద్దెకు తీసుకోండి. నాలుగు సీట్లది రోజుకు మూడు నాలుగు వందల డాలర్ల పైమాటే అవుతుంది, దానిపై నష్టపరిహారానికి డిపాజిట్టు పట్టి ఉంచుతారు. ఖరీదే, కాదనను. అయితే ఐదు రోజులకూ తీసుకోనక్కరలేదు, మూడు రోజులు చాలు. ఇచ్చేవారిని మూడు ప్రశ్నలు అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: బాటలో బండి చెడితే తెచ్చే ఖర్చు ఎవరిది, గీతలు పడితే ఎంత, బండి బోల్తా పడితే నా బాధ్యత గరిష్ఠంగా ఎంత. బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, అడుగున, చక్రాలకు ఫోనుతో వీడియో తీయండి.

మీవంటి కుటుంబానికి నేను చెప్పే చోటు బ్రామ్‌వెల్. అక్కడి పోకహాంటస్ బాటలు ఇండియన్ రిడ్జ్ బాటలతో, అక్కడి నుంచి వారియర్ బాటలతో కలుస్తాయి. ఒకేచోట మకాం వేసి మూడు రోజులూ మూడు దిక్కులకు వెళ్లి రావచ్చు. మూడు క్యాంపులు మారడం గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: మోటార్‌హోమ్‌ను కదిలించిన ప్రతిసారీ నీటి గొట్టం, కరెంటు తీగ, మురుగు గొట్టం విప్పి, లోపలి గిన్నెలన్నీ కట్టి, వెళ్లి, మళ్లీ బండిని సమతలం చేసి అన్నీ తగిలించడానికి సగం రోజు పోతుంది. ఐదు రోజుల్లో మూడుసార్లు ఆ పని చేస్తే మిగిలేది ఏమీ ఉండదు. క్యాంపు ఎంచుకునేటప్పుడు మీ స్థలం నుంచి బాట వరకు సైడ్‌బైసైడ్‌ను నడుపుకుంటూనే వెళ్లవచ్చా అన్నది తప్పక అడగండి. ఆ ఊళ్లలో చాలాచోట్ల బండ్లను వీధుల మీదుగా పోనిస్తారు. ఆ వీలున్న క్యాంపులు అక్టోబరు వారాంతాలకు, ఆకులు రంగు మారే రోజులు కనుక, నెలల ముందే నిండిపోతాయి. అందుకే ముందు క్యాంపు, తరువాత బండ్లు, ఆ తరువాతే మోటార్‌హోమ్.

ఇప్పుడు మోటార్‌హోమ్. పది మంది పడుకోవచ్చునని ప్రకటనలో రాసి ఉన్నా, ప్రయాణంలో కూర్చోవడానికి సీటు బెల్టులు అన్ని ఉండవు. పడకల సంఖ్య చూసి మోసపోకుండా బెల్టుల సంఖ్య అడగండి. మీ తొమ్మిది మందీ ఒకే బండిలో రావడం ఎలాగూ కుదరదు, కుదరకపోవడమే మంచిది, ఎందుకంటే క్యాంపులో ఒక మామూలు కారు ఉండి తీరాలి. గొట్టాలన్నీ తగిలించి ఉన్న మోటార్‌హోమ్‌లో రాత్రి పదకొండింటికి ఎవరినీ ఆసుపత్రికి తీసుకుపోలేరు. బ్రామ్‌వెల్ నుంచి ప్రిన్స్‌టన్ పట్టణం సుమారు అరగంట; కారుంటే ఆ అరగంట నిజంగా అరగంటే. ఒక కుటుంబం మోటార్‌హోమ్‌లో, ఇంకో కుటుంబం కారులో రండి.

అమ్మగారికి, నాన్నగారికి మోటార్‌హోమ్‌లో పడక ఇవ్వవద్దని నా సలహా. మెట్టు ఎత్తుగా ఉంటుంది, మరుగుదొడ్డిలో తిరగడానికి చోటు ఉండదు, రాత్రి ఎవరు కదిలినా బండంతా ఊగుతుంది. అదే క్యాంపులో చిన్న క్యాబిన్ ఒకటి దొరికితే వాళ్లకు, పాపకు అది తీసుకోండి. అప్పుడు మీకు 31 అడుగులది అక్కరలేదు. ట్రక్కు చట్రం మీద కట్టిన, క్లాస్ సి అని పిలిచే రకంలో 25 అడుగులది హాయిగా సరిపోతుంది. ఆరడుగుల తేడా చిన్నదిగా కనబడుతుంది గాని, వెనుక చక్రాల తరువాత వేలాడే భాగం ఎంత పొడుగుంటే మలుపులో తోక అంత బయటకు ఊడుస్తుంది. పెట్రోలు బంకులో పంపును కొట్టేవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ఎత్తు 11, 12 అడుగులు ఉంటుంది కనుక సరిగ్గా ఎంతో కొలిచి కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించండి. గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్ల లెక్కన పెట్రోలు ఖర్చు వేసుకోండి. మీ కారు బీమా గాని, క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు రక్షణ గాని సాధారణంగా మోటార్‌హోమ్‌కు వర్తించవు. అద్దె కంపెనీ ఇచ్చే బీమా పత్రం మొత్తం చదివి, పైకప్పుకు, బండి పక్కన నీడకు పరిచే గుడారపు తెరకు, టైర్లకు రక్షణ ఉందో లేదో చూడండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవారికి తీసుకున్న ప్రయాణ బీమాల్లో మోటారు క్రీడలను మినహాయించేవి చాలా ఉంటాయి. నాన్నగారు ఒక్క రౌండు అని సరదా పడినా ఎక్కించకండి.

షార్లెట్ నుంచి దారి దాదాపు అంతా ఇంటర్‌స్టేట్ 77. సుమారు 170 మైళ్లు, మోటార్‌హోమ్‌తో మూడున్నర గంటలు అనుకోండి. మౌంట్ ఎయిరీ దాటాక వర్జీనియాలో ఫ్యాన్సీ గ్యాప్ దగ్గర బ్లూ రిడ్జ్ కొండ ఎక్కుతారు. అక్కడ పొగమంచు ఒక్కసారిగా కమ్ముకుంటుంది, గాలి కూడా బలంగా వీస్తుంది. తెల్లవారుజామున, రాత్రి ఆ ఘాటు మీద ఉండకుండా బయలుదేరే సమయం పెట్టుకోండి. తరువాత రెండు సొరంగాలు వస్తాయి. రెండోదైన ఈస్ట్ రివర్ మౌంటెన్ సొరంగం మైలు పైగా పొడవుంటుంది, దాని లోపలే మీరు వెస్ట్ వర్జీనియాలోకి ప్రవేశిస్తారు. బయలుదేరేటప్పుడే గ్యాస్ సిలిండరు వాల్వు కట్టేసి ఉంచండి. వచ్చేటప్పుడు అదే ఫ్యాన్సీ గ్యాప్ దిగుడు అసలు పరీక్ష: కొండ దిగే ముందే టో–హాల్ మీట (బండిని తక్కువ గేరులో పట్టి ఉంచేది) నొక్కి, గేరు తగ్గించి, ఇంజినుతోనే వేగాన్ని పట్టి ఉంచాలి. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే సగం దూరంలోనే వాసన వస్తుంది, ఆ తరువాత బ్రేకు పట్టదు. ఇంటర్‌స్టేట్ వదిలి 52వ నంబరు రోడ్డు ఎక్కాక మలుపులు, ఇరుకు పెరుగుతాయి కనుక చీకటి పడకముందే క్యాంపు చేరండి.

క్యాంపులో మీకు ఎదురయ్యే మొదటి చిక్కు కరెంటు. 25 అడుగుల బండికి ఉండేది 30 ఆంపియర్ల తీగ. 120 వోల్టుల లెక్కన మొత్తం 3,600 వాట్లు మాత్రమే. అక్టోబరు రాత్రి చలికి గది హీటరు పెడితే 1,500 వాట్లు, ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద 1,800 వాట్లు. ఈ రెండింటికి రైస్ కుక్కరు తోడైతే ఆ క్షణమే అంతా ఆరిపోతుంది. అందుకే చలికి బండిలో ఉన్న గ్యాస్ హీటరునే వాడి కరెంటును రైస్ కుక్కరు వంటివాటికి వదలండి. కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే సర్జ్ ప్రొటెక్టరు, నీటి ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరు అద్దె సామానులో ఉన్నాయో లేవో అడిగి, లేకపోతే కొనుక్కోండి. కొండ ఊళ్లలో కుళాయి ఒత్తిడి ఎక్కువగా ఉండి లోపలి ప్లాస్టిక్ గొట్టాలు పగిలిన సందర్భాలు చూశాను.

తాళింపు వంట లోపల చేయవద్దు. తాళింపు వేయగానే పొగ అలారం మోగుతుంది. అది చిన్న విషయం. కరివేపాకు, ఇంగువ, ఎండుమిరపకాయల ఘాటు ఆ చిన్న గదిలోని పరుపులకు, తెరలకు పట్టేస్తే తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రపరిచే రుసుము వేస్తారు, ఆ మొత్తం తక్కువేమీ కాదు. రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, 20 పౌండ్ల సిలిండరు ఒకటి తీసుకువెళ్లి బయట బల్ల మీద, గుడారపు తెరకు దూరంగా వండుకోండి. పులిహోర పులుసు ఇంట్లోనే చేసి సీసాలో పోసుకుంటే అక్కడ అన్నం వార్చుకోవడమే పని. బాట మీద మధ్యాహ్న భోజనానికి దద్దోజనం కన్నా త్వరగా పాడవని పులిహోరే మేలు. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, వేయించిన అప్పడాలు ఉంటే పెద్దవాళ్లకు రెండు పూటలూ జరిగిపోతాయి. నల్ల ఎలుగులు తిరిగే కొండలు అవి, రాత్రి ఒక్క గిన్నె కూడా బయట వదలకూడదు.

గిన్నెలు కడిగిన నీరు, స్నానం నీరు ఒక తొట్టిలోకి, మరుగుదొడ్డి నీరు వేరే తొట్టిలోకి పోతాయి. గంజి, నూనె, కరివేపాకు రెబ్బలు మొదటి తొట్టిలోకి పోనివ్వకండి, అడుగున పేరుకుని వాసన వస్తుంది. గిన్నెను ముందు కాగితంతో తుడిచి తరువాత కడగండి. మురుగు గొట్టం తగిలించి ఉంది కదా అని మరుగుదొడ్డి తొట్టి వాల్వును తెరిచి ఉంచడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. నీరంతా పోయి ఘనపదార్థం అడుగున గడ్డకడుతుంది. వాల్వు మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక తెరవాలి. ముందు మరుగుదొడ్డి తొట్టి, ఆ తరువాత స్నానం నీటి తొట్టి. రెండోదానిలోని నీరు గొట్టాన్ని కడుగుతుంది. మన ఇళ్లలో నీళ్లు ధారాళంగా వాడే అలవాటు కనుక పెద్దవాళ్లు క్యాంపు స్నానాల గదులు వాడుకునేలా చూడండి, తొట్టి రెండు రోజులు ఎక్కువ వస్తుంది.

బాట మీద రోజు ఎలా ఉండాలో చెబుతాను. రంగులే అక్కడి భాష: ఆకుపచ్చ సులభం, నీలం మధ్యస్థం, నలుపు కష్టం. మొదటి రోజు ఆకుపచ్చ బాటలు తప్ప ఇంకేమీ వద్దు, 25 మైళ్లు దాటవద్దు. ఆగకుండా నడిచినా గంటకు 10, 12 మైళ్లకు మించి సగటు రాదు, ఆగే సమయం కూడా కలుపుకుంటే 40 మైళ్లంటే పూర్తి రోజు. ఉదయం తొమ్మిదికల్లా బయలుదేరి, మధ్యాహ్నం మూడింటికి ముఖం క్యాంపు వైపు తిప్పండి. అక్టోబరులో లోయలో వెలుగు త్వరగా పోతుంది. పెట్రోలు సగానికి వచ్చిందంటే వెనక్కి తిరగాలి. దిగుడులో తక్కువ గేరు వేసి ఇంజినుతోనే దిగండి. నీటి మడుగు కనబడితే లోతు ఊహించకండి, ఇంకో బండి దాటేదాకా ఆగండి, లేదా పక్కనుంచి వెళ్లండి, వర్షం పడిన మర్నాడు ఎర్రటి బురద కింద ఏముందో పైకి తెలియదు. ఎదురుగా వచ్చే బృందం ముందున్నవారు వేళ్లు చూపుతారు, తమ వెనుక ఇంకా ఎన్ని బండ్లు వస్తున్నాయో చెప్పడం అది. పిడికిలి చూపితే ఆ బండే ఆఖరుదని అర్థం. మీరూ అలాగే చూపండి, మలుపుల్లో ఎదురెదురుగా కొట్టుకోకుండా కాపాడేది ఆ అలవాటే.

బండి ఒరుగుతున్నట్టు అనిపించినప్పుడు చెయ్యి బయటపెట్టి ఆపాలనిపిస్తుంది. దాన్ని జయించడానికి పిల్లలకు ఇంటి దగ్గరే పదేపదే చెప్పి నేర్పండి: బెల్టు, తలుపు లేదా వల బిగించి ఉండగా చేతులు పిడిని పట్టుకునే ఉండాలి, పంజరమే కాపాడుతుంది, బయటకు వచ్చిన చెయ్యి బండి కింద నలుగుతుంది. చీలమండ దాటిన బూట్లు, పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్లద్దాల మీద పట్టే గాగుల్స్ అందరికీ కావాలి. చున్నీ గాని, వదులైన శాలువా గాని వేసుకోకూడదు, జడ చొక్కా లోపలికి దోపుకోవాలి. ముక్కుకు గుడ్డ లేకపోతే పొడి రోజుల్లో ముందు బండి దుమ్ము అంతా వెనుకవారి గొంతులోకే పోతుంది. బాటల పటం ఫోనులోకి ముందే దింపుకోండి, కాగితం పటం కూడా కొనండి. ఐఫోన్ 14 గాని ఆ తరువాతివి గాని ఉంటే ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపవచ్చు, కానీ ఆకాశం కనబడే చోటుకు వెళ్లాలి. చెట్ల కింద ఆలస్యమవుతుంది. క్యాంపులో ఉండే పెద్దవారి దగ్గర ఆ రోజు వెళ్లే బాటల నంబర్లు, తిరిగి వచ్చే సమయం రాసిన కాగితం ఉండాలి, ఆ సమయం గంటన్నర దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే ఉండాలి.

ఇలా చూస్తే మీ ఐదు రోజులు ఈ విధంగా సర్దుకుంటాయి. బుధవారం ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి క్యాంపు చేరి, వెలుగుండగానే గొట్టాలు, తీగలు తగిలించి, సాయంత్రం బ్రామ్‌వెల్ వీధుల్లో పెద్దవాళ్లతో నడవండి. ఒకప్పుడు గనుల యజమానులు కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. గురువారం ఆకుపచ్చ బాటలు. శుక్రవారం బండ్లు తీసుకోకండి. ఒళ్లు నొప్పులు తెలిసేది రెండో రోజే, పైగా మూడు రోజులూ క్యాంపులో కూర్చోవడానికి అమ్మగారు, నాన్నగారు రాలేదు. ఆ రోజు అందరూ బెక్లీ వెళ్లండి; తొమ్మిది మంది ఒక్క కారులో పట్టరు కనుక ఇంకో కారు కూడా చూసుకోవాలి. అక్కడ పాత బొగ్గు గనిలోకి చిన్న రైలుబండిలో కూర్చోబెట్టి తీసుకువెళ్లి, స్వయంగా గనిలో పనిచేసినవారే పని ఎలా జరిగేదో చూపిస్తారు. పాపకూ తాతగారికీ కలిసి ఎక్కగలిగిన బండి అదొక్కటే. లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్లు మరవకండి. శనివారం ఇండియన్ రిడ్జ్ వైపు, వాతావరణం బాగుంటే పెద్దలు మాత్రం కాసేపు నీలం రంగు బాటలోకి వెళ్లి రావచ్చు. శనివారం సాయంత్రమే బండ్లు కడిగి, వీడియో తీసి, అప్పగించి డిపాజిట్టు కాగితం తీసుకోండి. దానితో అద్దె మూడు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గుతుంది, ఆ డబ్బు క్యాబిన్‌కు సరిపోతుంది. ఆదివారం ఉదయం తొట్లు ఖాళీ చేసి, సిలిండరు కట్టి, పొగమంచు విడిపోయాక పదింటికి కదిలితే పగటి వెలుగులోనే ఫ్యాన్సీ గ్యాప్ దిగుతారు.

క్యాంపు దొరికిన తేదీలు, అమ్మాయి ఎత్తు తెలియజేయండి. ఏ బాట నంబర్లతో మొదలుపెట్టాలో, ఆ తేదీల్లో ఎటు వైపు రద్దీ ఉంటుందో చూసి చెబుతాను.